రాజ్యాంగ సభలో ఒక మాట మీద లేని పెద్దలు

ఈ ఏటి సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని సంస్థ పెద్దలు అడిగారు. రాజ్యాంగ సభను ఎంచుకున్నాను. దానికి కారణం ఉంది. మన పిల్లల పుస్తకాల్లో స్వాతంత్ర్య నాయకులందరూ ఒకే పటంలో పక్కపక్కన కనిపిస్తారు. గాంధీజీ, నెహ్రూ, పటేల్, అంబేద్కర్, మౌలానా ఆజాద్, అందరూ అందులోనే. ఆ పటం చూసిన పిల్లవాడు వీళ్లంతా ఒకే మాట మీద ఉండి, ఒకే కల కని, దేశానికి రాజ్యాంగం ఇచ్చారనుకుంటాడు. పరీక్షలో అలాగే రాస్తాడు, మార్కులూ పడతాయి. కానీ జరిగింది అది కాదు. ఆ పెద్దలు మూడేళ్లపాటు పట్టుదలగా వాదించుకున్నారు. ఊరి మీద, ఓటు మీద, భాష మీద, ఆస్తి మీద, చివరకు దేశం పేరు మీద కూడా వాదించుకున్నారు. ఆ వాదనల్లో ముస్లిం సభ్యులు ఒకే పక్షాన నిలబడలేదు, తెలుగు సభ్యులూ నిలబడలేదు. ఎవరు ఏమన్నారో తెలిస్తేనే ఇప్పుడు మన చేతిలో ఉన్న హక్కుల్లో ఏవి ఎలా వచ్చాయో, ఏవి ఎందుకు రాలేదో అర్థమవుతుంది.

ముందు సభ సంగతి క్లుప్తంగా చూద్దాం. 1946 డిసెంబరు 9, సోమవారం నాడు ఢిల్లీలో రాజ్యాంగ సభ మొదటిసారి కూర్చుంది. అనుకున్న సంఖ్య 389 మంది. ముస్లిం లీగ్ బహిష్కరించింది, సంస్థానాల వారు ఇంకా రాలేదు. ఆ రోజు హాజరైనవారు 207 మంది. ఇది ప్రజలందరూ ఓటు వేసి ఎన్నుకున్న సభ కాదు. రాష్ట్ర శాసనసభల సభ్యులు ఎన్నుకున్నది. ఆ శాసనసభలకు ఓటు వేసే హక్కు కూడా చదువో, ఆస్తో, పన్నో ఉన్న కొద్దిమందికే ఉండేది. దేశ విభజన తరువాత సభ 299 మందికి తగ్గింది. భారతదేశంలో ఉండిపోయిన లీగ్ సభ్యులు 1947 జూలైలో వచ్చి చేరారు. మద్రాసు రాష్ట్రం నుంచి టంగుటూరి ప్రకాశం పంతులు, ఆచార్య రంగా, పట్టాభి సీతారామయ్య, దుర్గాబాయి, అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ వంటి తెలుగు ప్రముఖులు ఉన్నారు. హైదరాబాదు సంస్థానం తరఫున మాత్రం ఎవరూ లేరు. తెలంగాణ గొంతు ఆ సభలో వినబడలేదన్న సంగతి మన పాఠాల్లో ఎందుకో పెద్దగా చెప్పరు.

ఈ వాదనలన్నిటి కింద ఒక ప్రశ్న ఉందని నాకనిపిస్తుంది. ఇల్లు కట్టేవాడు ముందు ఇటుక చూసుకుంటాడు. మరి కొత్త దేశం కట్టడానికి ఇటుక ఏది? ఊరా? మతమో కులమో ఆధారంగా ఉన్న సమాజమా? లేక ఒక్కొక్క మనిషా? గాంధీజీ ఊరన్నారు. మద్రాసు లీగ్ నాయకులు సమాజమన్నారు. అంబేద్కర్ మనిషన్నారు. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసిగేవి కావు.

ఊరు, వాడ

గాంధీజీ ఈ సభలో సభ్యుడు కాదు. సభ మొదలైన రోజుల్లో ఆయన నవాఖలీలో, మతకల్లోలాల్లో కాలిపోయిన పల్లెల మధ్య ఉన్నారు. అయినా ఆయన ఆలోచన సభలో ఉంది. 1909లో రాసిన హింద్ స్వరాజ్ నాటి నుంచీ ఆయన మాట ఒకటే: అసలైన భారతదేశం పల్లెల్లో ఉంది, అధికారం అక్కడినుంచే పైకి రావాలి, యంత్రాలూ మహానగరాలూ మనకు మేలు చేయవు. 1945 అక్టోబరులో ఆయన నెహ్రూకు ఉత్తరం రాసి, మన ఇద్దరి ఆలోచనల్లో తేడా ఉంటే అది జనానికి తెలియాలి అన్నారు. నెహ్రూ నాలుగు రోజుల్లోనే మొహమాటం లేకుండా జవాబిచ్చారు. పల్లె సాధారణంగా చదువులోనూ సంస్కృతిలోనూ వెనకబడి ఉంటుంది, అలాంటి చోటినుంచి ప్రగతి రాదు అన్నది దాని సారాంశం. ఒకరినొకరు ప్రాణంగా చూసుకున్న మనుషులు వీళ్లు. తన వారసుడు ఎవరో గాంధీజీ అప్పటికే ప్రకటించి ఉన్నారు. అయినా ఈ విషయంలో ఇద్దరికీ చివరిదాకా కుదరలేదు.

1948 నవంబరు 4న అంబేద్కర్ ముసాయిదా రాజ్యాంగాన్ని సభ ముందు పెట్టారు. అందులో పల్లె ఊసే లేదని అప్పటికే కొందరు గుర్రుగా ఉన్నారు. అంబేద్కర్ దాన్ని దాచుకోకపోగా, ముసాయిదా పల్లెను వదిలి మనిషిని ప్రమాణంగా తీసుకోవడం తనకు సంతోషమే అన్నారు. పల్లె అంటే అజ్ఞానం, సంకుచితత్వం, కులతత్వం గూడుకట్టుకున్న చోటు అన్న అర్థంలో చాలా కటువుగా మాట్లాడారు. గాంధీజీ హత్య జరిగి ఇంకా ఏడాది కాలేదు. సభలో ఎంత కలకలం రేగి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆయన ఎందుకలా అన్నారో తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. మన భాషలోనే ఊరు వేరు, వాడ వేరు. ఊళ్లో అందరూ కలిసి నిర్ణయించుకుంటారని ఎవరైనా అంటే, వాడలో ఉన్నవాడు అడిగే మొదటి ప్రశ్న ‘ఆ అందరిలో నేనున్నానా?’ అనే. 1927లో మహాద్‌లో ఊరుమ్మడి చెరువు నీళ్లు తాగే హక్కు కోసం వేలమందిని వెంటబెట్టుకుని నడిచిన మనిషి అంబేద్కర్. ఊరి పెద్దల చేతికి రాజ్యాధికారం ఇస్తే ఏమవుతుందో ఆయన చదివి కాదు, అనుభవించి తెలుసుకున్నారు.

అటువైపు వాదించినవారిలో మనవాళ్లే ముందున్నారు. మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గ్రామాభివృద్ధికి ఫిర్కా పథకం పెట్టిన ప్రకాశం పంతులుగారికి గ్రామ పంచాయతీ అంటే పాతకాలపు ముచ్చట కాదు, పాలనకు పునాది. రైతు నాయకుడు రంగాగారి ఆలోచనా అదే దారిలో సాగింది. ఈ రంగాగారే అంతకుముందు, 1946 డిసెంబరులో, అసలైన మైనారిటీలు ఈ దేశపు సామాన్య జనమే అని వాదించారు. పొలంలో పనిచేసేవాడికి చట్టం దగ్గరకు వెళ్లే దారే తెలియదు, కాగితం మీద హక్కులు వాడికేం చేస్తాయన్నది ఆయన బాధ. ఇది తేలిగ్గా కొట్టేసే మాట కాదు.

సభాధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ కూడా లోలోపల పల్లె పక్షమే. రాజ్యాంగాన్ని గ్రామం నుంచి మొదలుపెట్టి తిరగరాయవచ్చా అని 1948 మే నెలలో సలహాదారు బి.ఎన్. రావుకు రాశారు. నేరుగా ఎన్నికలు జరపాలని సభ ఇప్పటికే నిర్ణయించింది, వెనక్కి వెళ్లడం కష్టం అని ఆయన జవాబిచ్చారు.

చివరకు నవంబరు 22న కె. సంతానం ఒక సవరణ తెచ్చారు. గ్రామ పంచాయతీలను ఏర్పాటు చేసి, స్వపరిపాలనకు కావలసిన అధికారాలు ఇవ్వడానికి రాజ్యం చర్యలు తీసుకోవాలి అన్నది ఆ సవరణ. అంబేద్కర్ వాదన పెంచకుండా ఒప్పుకున్నారు. ప్రకాశం పంతులుగారు లేచి హర్షం ప్రకటించారు. అదే నేటి 40వ అధికరణం. అయితే దాన్ని పెట్టింది ఆదేశిక సూత్రాల్లో. అంటే అది ప్రభుత్వానికి దారి చూపుతుంది కానీ, అమలు చేయలేదని ఎవరూ కోర్టుకు వెళ్లలేరు. పల్లెకు చోటు దొరికింది, బలం దొరకలేదు.

వేరు ఓటా, ఉమ్మడి ఓటా?

రెండో వాదన మనకు ఇంకా దగ్గరిది. 1909 నుంచి ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు ఉండేవి. అంటే ముస్లిం ఓటర్ల జాబితా వేరు, ముస్లిం అభ్యర్థికి ముస్లింలే ఓటు వేస్తారు. 1916 లక్నో ఒప్పందంలో కాంగ్రెస్ కూడా దీన్ని ఒప్పుకుంది. దళితులకూ ఇలాగే ఇస్తామని 1932లో బ్రిటిష్ ప్రధాని ప్రకటిస్తే గాంధీజీ ఎరవాడ జైల్లో నిరశన పట్టారు. ఆ ఒత్తిడిలో అంబేద్కర్ సెప్టెంబరు 24న పూనా ఒప్పందం మీద సంతకం చేశారు. ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి, ఉమ్మడి ఓటుతో రిజర్వుడు సీట్లు వచ్చాయి. ఈ రెండింటికీ తేడా పిల్లలకే కాదు, పెద్దలకూ చాలామందికి తెలియదు. ప్రత్యేక నియోజకవర్గంలో ఓటరూ వేరే, అభ్యర్థీ వేరే. రిజర్వుడు సీటులో అభ్యర్థి మాత్రమే ఫలానా వర్గంవాడై ఉండాలి, ఓటు అందరిదీ.

విభజన జరిగి పది పన్నెండు రోజులే అయింది. పంజాబులో రక్తం పారుతూనే ఉంది. అలాంటి సమయంలో, 1947 ఆగస్టు 27న, మద్రాసు సభ్యుడు బి. పోకర్ సాహెబ్ లేచి ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు కొనసాగించాలని సవరణ పెట్టారు. దానికి ధైర్యం కావాలి. ఆయన వాదన ఇది: ముస్లిం సీటులో ఒక ముస్లిం గెలవవచ్చు. కానీ ఇతరుల ఓట్లతో గెలిచినవాడు ముస్లింల మనసులో మాట సభలో చెప్పగలడా? చెప్పనివాడు అక్కడ కూర్చుని ఏం లాభం? గోవింద వల్లభ పంత్ దీనికి దీర్ఘంగా జవాబిచ్చారు. వేరుగా ఓటు వేసుకునే వర్గం గురించి మెజారిటీ నాయకులు పట్టించుకోవలసిన అవసరమే ఉండదు, మీరు శాశ్వతంగా ఒంటరివారవుతారు అని హెచ్చరించారు. మర్నాడు పటేల్ మాత్రం కఠినంగానే మాట్లాడారు. సవరణ ఓడిపోయింది. అయితే ఉమ్మడి ఓటుతో ముస్లింలకు రిజర్వుడు సీట్లు ఉండాలని అప్పటికి సభ ఒప్పుకుంది.

ఈ సంగతి చాలామందికి తెలియదు. 1948 ముసాయిదాలో ముస్లింలకు చట్టసభల్లో రిజర్వుడు సీట్లు ఉన్నాయి. తరువాత తీసేశారు. తీసేయాలని అడిగినవారిలో ముస్లిం సభ్యులే ఉన్నారు.

వారిలో ముఖ్యురాలు బేగం ఐజాజ్ రసూల్. సభలో ఏకైక ముస్లిం మహిళ. మలేర్‌కోట్ల నవాబుల వంశంలో పుట్టి, సండీలా తాలూక్‌దారు ఇంటి కోడలై, పరదా వదిలి రాజకీయాల్లోకి వచ్చారు. 1937లోనే మహిళలకు కేటాయించని సీటులో నిలబడి యుక్తప్రాంత శాసన మండలికి గెలిచారు. ఆమె ముస్లిం లీగ్ సభ్యురాలు. అయినా 1948 నవంబరు 8న సభలో మాట్లాడుతూ, లౌకిక రాజ్యంలో మైనారిటీలకు సీట్ల రిజర్వేషను పనికిరాదని చెప్పారు. మైనారిటీని మెజారిటీ నుంచి ఎప్పటికీ వేరుచేసి ఉంచే ఆత్మహత్య లాంటి ఆయుధం అది అన్న భావం ఆమె మాటల్లో ఉంది. అదే ప్రసంగంలో ఆమె ఊరి వివాదం మీద కూడా అంబేద్కర్‌ను సమర్థించారు. గ్రామ పంచాయతీలు కూడా నిరంకుశంగా ఉండగలవు, ఈ కాలం మొగ్గు ఏ సముదాయం కన్నా పౌరుడి హక్కు వైపే ఉంది అన్నారు.

ఈ రెండు మాటలనూ కలిపి చూడమని నా మనవి. ఊరి పెద్దల పెత్తనం వద్దన్న మనిషే వర్గం పెద్దల పెత్తనమూ వద్దన్నారు. ఒక స్త్రీ అలా అనడంలో ఆశ్చర్యం లేదు. ఊరి తరఫున మాట్లాడేదీ, మతం తరఫున మాట్లాడేదీ ఎప్పుడూ మగవాళ్లే కదా. నా దృష్టిలో ఆ సభలో అందరికన్నా తడబాటు లేకుండా మనిషినే ఇటుకగా పట్టుకున్నది ఆమెనే. అంబేద్కర్ కూడా అంత నిలకడగా లేరు. 1947లో ఆయన సమర్పించిన విజ్ఞాపనలో దళితులకు ప్రత్యేక నియోజకవర్గాలు అడిగారు. పల్లెలో మైనారిటీగా బతికినవాడికి ఆ రక్షణ కావాలనిపించడం న్యాయమే.

1949 మే 11న సలహా సంఘం మతపరమైన మైనారిటీలకు సీట్ల రిజర్వేషను తొలగించాలని నిర్ణయించింది. ఆ తీర్మానం తెచ్చింది బెంగాలుకు చెందిన క్రైస్తవ నాయకుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ. మే 25, 26 తేదీల్లో అది సభ ముందుకు వచ్చింది. మద్రాసు నుంచి మహమ్మద్ ఇస్మాయిల్ సాహెబ్, తమిళ, మలయాళ ప్రాంతాల ముస్లింలు ఖాయిదే మిల్లత్ అని పిలుచుకునే నాయకుడు, మళ్లీ ప్రత్యేక నియోజకవర్గాలనే అడిగారు. పోకర్ సాహెబ్ ఆయన వెంట నిలిచారు. బీహారు సభ్యుడు తజమ్ముల్ హుసేన్ ఏ రిజర్వేషనూ వద్దన్నారు. యుక్తప్రాంతం నుంచి జెడ్.హెచ్. లారీది మూడో దారి. సీట్లు కేటాయించవద్దు, కానీ ఒక్కో నియోజకవర్గం నుంచి పలువురిని ఎన్నుకునేలా చేసి, ఓటరు తన ఓట్లన్నీ కావాలంటే ఒకే అభ్యర్థికి వేసే వీలు ఇవ్వండి అన్నారు. అలా చేస్తే ఏ మైనారిటీ అయినా, మతం పేరు ఎత్తకుండానే, తన సంఖ్యకు తగ్గ సీట్లు గెలుచుకోగలదు. లెక్క తెలిసినవాడు చేసిన సూచన అది. సభలో ఓడిపోయింది. మన దగ్గర దానిమీద చర్చే జరగకపోవడం నాకు విచారం.

విభజన గాయం, గాంధీజీ హత్య, ముస్లిం నాయకుల్లో పలువురు పాకిస్తానుకు వెళ్లిపోవడం, ఉన్నవారి విధేయతను అడుగడుగునా శంకించడం, ఇవన్నీ ఆ నిర్ణయం వెనక ఉన్నాయి. రిజర్వేషను వదులుకోవడంలో నమ్మకం పాలెంత, భయం పాలెంత అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. బేగం ఐజాజ్ రసూల్ విషయంలో మాత్రం అది నమ్మకమే అని ఆమె ప్రసంగాలు చదివితే అనిపిస్తుంది.

మోహానీ, షా, మరికొందరు

మౌలానా హస్రత్ మోహానీ గురించి చెప్పకపోతే వ్యాసం పూర్తి కాదు. ఇంక్విలాబ్ జిందాబాద్ అన్న నినాదాన్ని దేశానికిచ్చిన కవి ఆయన. 1921 అహ్మదాబాదు కాంగ్రెసులో సంపూర్ణ స్వాతంత్ర్యం కావాలని తీర్మానం పెడితే, ఇంకా సమయం రాలేదని గాంధీజీయే అడ్డుపడ్డారు. లీగ్ టికెట్టు మీద రాజ్యాంగ సభకు వచ్చి, అక్కడ కమ్యూనిస్టులా మాట్లాడారు. కేంద్రానికి ఇంత అధికారం ఎందుకు, మొదట అనుకున్నట్టు రాష్ట్రాలకు స్వతంత్రం ఏదీ అని నిలదీశారు. నిజమే, 1946 నాటి ఆశయాల తీర్మానంలో మిగులు అధికారాలు రాష్ట్రాలకే ఉన్నాయి. విభజన తరువాత కేంద్రం బలపడింది. 1949 అక్టోబరు 17న పీఠిక చర్చకు వచ్చినప్పుడు, సోవియట్ యూనియన్ తరహాలో ఈ దేశాన్ని సోషలిస్టు రిపబ్లిక్కుల యూనియన్ అని పిలవాలని కోరారు. సభ ఒప్పుకోలేదు.

అంతకు ఏడాది ముందే, 1948 నవంబరు 15న, ప్రొఫెసర్ కె.టి. షా లౌకిక, సమాఖ్య, సోషలిస్టు అన్న మాటలు రాజ్యాంగం మొదట్లోనే చేర్చాలని సవరణ తెచ్చారు. అంబేద్కర్ కాదన్నారు. తమాషా ఏమిటంటే, కీలక పరిశ్రమలూ భూమీ ప్రభుత్వం చేతిలో ఉండాలని 1947 విజ్ఞాపనలో రాసింది అంబేద్కరే. ఆయన కాదనడానికి కారణం వేరు. సమాజాన్ని ఎలా నడుపుకోవాలో ఏ కాలపు ప్రజలు ఆ కాలంలో నిర్ణయించుకోవాలి, మనం ఇప్పుడే రాసిపెట్టి వాళ్ల చేతులు కట్టకూడదు అన్నారు. తనకు ఇష్టమైన సిద్ధాంతాన్ని కూడా ఆయన రాజ్యాంగంలోకి బలవంతాన చొప్పించలేదు. ఆ సభలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే.

భాష వివాదం పెద్దది, ఇక్కడ చోటు చాలదు. ఒక్క మాట. గాంధీజీ, ఆజాద్ కోరుకున్న హిందుస్తానీ ఓడిపోయి 1949 సెప్టెంబరు 14న దేవనాగరి లిపిలో హిందీ అధికార భాష అయింది. చిన్నతనంలోనే కాకినాడలో ఆడపిల్లలకు హిందీ బడి నడిపిన దుర్గాబాయిగారు, అదే సభలో ఉత్తరాది వారి హిందీ దూకుడు చూసి నొచ్చుకుని మాట్లాడారు.

ఉమ్మడి పౌరస్మృతి మీద 1948 నవంబరు 23న ఇస్మాయిల్, నజీరుద్దీన్ అహ్మద్, పోకర్ సాహెబ్ గట్టిగా అభ్యంతరం చెప్పారు. మున్షీ, అల్లాడి, అంబేద్కర్ సమాధానమిచ్చారు. చివర అంబేద్కర్, దీన్ని ఎక్కువగా భయపడి చదవనక్కరలేదు, భవిష్యత్తులో పార్లమెంటు ముందుగా స్వచ్ఛందంగా ఒప్పుకున్నవారికే వర్తింపజేయవచ్చు అన్నారు. అదీ ఆదేశిక సూత్రాల్లోకే వెళ్లింది.

ఓడిన మాటలు ఏమయ్యాయి?

రాజ్యాంగం 1949 నవంబరు 26న ఆమోదం పొందింది. 395 అధికరణాలు, 8 షెడ్యూళ్లు. సభలో నిజంగా ప్రవేశపెట్టిన సవరణలే 2,473. వాటిలో ఎక్కువ ఓడిపోయాయి. కానీ ఓడిపోయినవన్నీ చచ్చిపోలేదు.

పల్లెనే తీసుకోండి. 1959 అక్టోబరులో రాజస్థాన్‌లోని నాగౌర్‌లో, ఆ వెంటనే మన షాద్‌నగర్‌లో పంచాయతీరాజ్‌ను నెహ్రూ స్వయంగా ప్రారంభించారు. పల్లె వెనకబడినదని గాంధీజీకి రాసిన ఆ నెహ్రూయే! 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చి పంచాయతీలకు రాజ్యాంగ బలం ఇచ్చింది. అందులో దళితులకు, గిరిజనులకు జనాభాను బట్టి, స్త్రీలకు మూడో వంతుకు తక్కువ కాకుండా సీట్లు కేటాయించారు. స్త్రీల వాటాను ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో తరువాత సగానికి పెంచారు. అంటే ప్రకాశం పంతులుగారి పంచాయతీ వచ్చింది, కానీ అంబేద్కర్ అడిగిన ప్రశ్నకు జవాబు వెంటబెట్టుకుని వచ్చింది. వాడ మనిషి సర్పంచి కుర్చీలో కూర్చోగలిగేలా వచ్చింది. 1948లోనే పల్లె పక్షం పూర్తిగా గెలిచి ఉంటే, ఈ కేటాయింపులు ఉండేవా అన్నది నాకు అనుమానమే.

లారీ సాహెబ్ 1948 డిసెంబరులో ఇంకొక సవరణ పెట్టారు. మైనారిటీల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో, తమ లిపిలో అందాలని. ఓడిపోయింది. 1956లో రాజ్యాంగానికి 350ఎ అధికరణం చేర్చి, భాషాపరమైన మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు ఏర్పాట్లు చేయాలన్నారు. కాజీ సయ్యద్ కరీముద్దీన్ అదే నెలలో, కారణం లేకుండా ఇళ్లు సోదా చేయకుండా పౌరుడికి రక్షణ కావాలని సవరణ తెచ్చారు. అంబేద్కర్ సానుకూలంగా ఉన్నా అదీ ఓడిపోయింది. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది.

మరి సీట్లు వదులుకున్న ముస్లింలకు, ఇతర మైనారిటీలకు మిగిలిందేమిటి? 25 నుంచి 30 వరకు ఉన్న అధికరణాలు. ఇవి ఆదేశిక సూత్రాలు కావు, కోర్టులో నిలబడే ప్రాథమిక హక్కులు. 26వ అధికరణం ప్రతి మతశాఖకూ మతపరమైన, ధార్మిక సంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. 30వ అధికరణం మత, భాషా మైనారిటీలు తమకు నచ్చిన విద్యాసంస్థలు స్థాపించి నిర్వహించుకోవచ్చన్నది. సాయమిచ్చేటప్పుడు మైనారిటీ సంస్థ అన్న కారణంతో ప్రభుత్వం వివక్ష చూపకూడదని కూడా అందులోనే ఉంది. చట్టసభలో కుర్చీకి హామీ పోయింది, బడికీ ధర్మసంస్థకూ హామీ నిలిచింది. దాతలైన మీరు ఇచ్చే ప్రతి రూపాయి ఖర్చయ్యే చోటు ఈ రెండో హామీ మీదే నిలబడి ఉంది. అందుకే ఈ చరిత్ర మనకు అక్కరకొచ్చేది.

మొదటి దాని లెక్క కూడా దాచకూడదు. పోకర్ సాహెబ్ తాను వద్దన్న ఉమ్మడి ఓటుతోనే 1952లో మలప్పురం నుంచి, 1957లో మంజేరి నుంచి లోక్‌సభకు గెలిచారు. ఇస్మాయిల్ సాహెబ్ అదే మంజేరి నుంచి 1962, 1967, 1971లలో వరుసగా గెలిచారు. ఇది ఉమ్మడి ఓటుకు విజయమని కొందరంటారు. అది ముస్లిం జనాభా బాగా ఉన్న మలబారు ప్రాంతమన్నది మర్చిపోతారు. 2011 లెక్కల ప్రకారం దేశ జనాభాలో ముస్లింలు 14.2 శాతం. 2024లో లోక్‌సభకు ఎన్నికైన ముస్లిం సభ్యులు 543లో 24 మంది. పోకర్ సాహెబ్ భయపడింది కేవలం సంఖ్య గురించి కాదు, గెలిచినవాడు ఎవరి మాట చెబుతాడన్న దాని గురించి. బేగం సాహెబా జవాబు, మాట వినిపించాలంటే అందరితో కలిసే వినిపించాలి అన్నది. ఇద్దరిలో ఎవరిది సరైన మాటో తేల్చే పని నేను పిల్లలకే వదిలేస్తాను.

పిల్లల చేత ఈ పాఠం చేయించే పద్ధతి ఒకటి చెబుతాను. మన స్టడీ సెంటర్లలోనూ వీలవుతుంది. రాజ్యాంగ సభ చర్చలు 12 సంపుటాలుగా అచ్చయ్యాయి, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అన్నీ చదవనక్కరలేదు. 1948 నవంబరు 4, 8, 22 తేదీలు, 1949 మే 25, 26 చాలు. ఇంగ్లీషు కాస్త వచ్చిన ఇంటర్ పిల్లలు చదివి సారాంశం తెలుగులో, ఉర్దూలో చిన్నవాళ్లకు చెప్పాలి. ఆ తరువాత తొమ్మిది, పది తరగతుల పిల్లలకు పాత్రలు పంచాలి. ఒకరు అంబేద్కర్, ఒకరు ప్రకాశం పంతులు, ఒకరు పోకర్ సాహెబ్, ఒకరు బేగం ఐజాజ్ రసూల్, ఒకరు లారీ. ఒక్కటే నియమం: తనకు నచ్చని వాదన ఎవరిదో, ఆ పాత్రే ఆ పిల్లవాడికి ఇవ్వాలి. గంటన్నర సరిపోతుంది. చివర ఓటింగు పెట్టండి, చీటీల మీద, పేరు లేకుండా.